ల్యాబ్ యానిమల్ టెక్నీషియన్ సర్టిఫికేషన్: మన జిల్లాల నుంచి దరఖాస్తు ఎలా?

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఫార్మసీ కాలేజీలకు, మెడికల్ కాలేజీలకు అనుబంధంగా యానిమల్ హౌస్‌లు, అంటే ప్రయోగాల కోసం జంతువులను ఉంచే కేంద్రాలు ఉంటాయి. వాటిలో పనిచేసేవాళ్లు అడిగే పరీక్ష ఆలాస్‌ది, అంటే అమెరికన్ అసోసియేషన్ ఫర్ లాబొరేటరీ యానిమల్ సైన్స్ పెట్టేది. ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో యానిమల్ హౌస్ నమోదు చేసేది సీసీఎస్ఈఏ, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ. ఆ నమోదుకు ఆలాస్ సర్టిఫికెట్ షరతు కాదు. ఉన్న ఉద్యోగంలోనే ఉండదలచుకుంటే దీనికి డాలర్లు కట్టాల్సిన పనిలేదనే నా అభిప్రాయం. హైదరాబాద్, బెంగళూరుల్లోని కాంట్రాక్ట్ రీసెర్చ్ ల్యాబ్‌లకు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం బయోడేటాలో ఇదొక మంచి బలం.

పరీక్షలో మూడు మెట్లు ఉన్నాయి. కింది నుంచి ఏఎల్ఏటీ (అసిస్టెంట్ లాబొరేటరీ యానిమల్ టెక్నీషియన్), ఎల్ఏటీ (లాబొరేటరీ యానిమల్ టెక్నీషియన్), ఎల్ఏటీజీ (లాబొరేటరీ యానిమల్ టెక్నాలజిస్ట్). ఏ మెట్టుకైనా అర్హతను చదువు, ల్యాబ్ జంతువులతో చేసిన పని అనుభవం రెండూ కలిపి చూస్తారు. చదువు ఎక్కువగా ఉంటే అనుభవం కొంత తగ్గినా సరిపోతుంది. మెట్టు పెరిగే కొద్దీ అనుభవం కూడా పెరగాలి. ఫీజులు, నెలల లెక్కలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆలాస్ సైట్‌లో ఉన్నదే ప్రమాణంగా తీసుకోండి. ఇంటర్‌తో పనిలో చేరినవాళ్లు సాధారణంగా ఏఎల్ఏటీతో మొదలుపెట్టడం మంచిది.

ఎక్కువ మంది ఇరుక్కునేది అనుభవం లెటర్ దగ్గర. మన కాలేజీలు ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్‌లో "అటెండర్‌గా పనిచేస్తున్నారు, ప్రవర్తన బాగుంది" అని రెండు లైన్లు ఉంటాయి. జంతువు మాటే ఉండదు. దాంతో పని కాదు. మీ పనిని దగ్గరుండి చూసిన యానిమల్ హౌస్ ఇన్‌ఛార్జ్ కానీ పశువైద్యులు కానీ సంతకం పెట్టాలి. ఏ జంతువులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏం పని అన్నది స్పష్టంగా రాయించుకోండి. బోనులు మార్చడం, వరి పొట్టు వేయడం, నీళ్ల సీసాలు కడగడం, బరువులు తూచడం, కొత్తగా వచ్చిన ఎలుకలను క్వారంటైన్‌లో చూసుకోవడం ఇవన్నీ అనుభవమే. చిన్న పనులని వదిలేయకండి. ఆఫీసులో పీఎఫ్ కోసం వేసిన పోస్టు పేరు ఒకటి, చేసే పని ఇంకొకటి అయితే ఆ సంగతీ లెటర్‌లోనే రాయించాలి.

తేదీలు గుర్తులేవంటే రిజిస్టర్లు తీయండి. నమోదైన ప్రతి సంస్థలో తెచ్చుకున్న జంతువుల, చేసిన ప్రయోగాల వివరాలు ఫారం డీలో ఉంటాయి. వాటితోపాటు రోజువారీ ఉష్ణోగ్రత షీట్లు, బోను కార్డులు ఉంటాయి. వాటి మీద మీ పొట్టి సంతకం ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. లేకపోతే రేపటి నుంచైనా పెట్టడం మొదలుపెట్టండి.

తర్వాతి చిక్కు పేరు. మనవాళ్లకు ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, టెన్త్ మెమోలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ. దరఖాస్తులో చివరి పేరు అని అడిగిన గడిలో ఏం రాస్తారో అదే పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులోనూ ఉండాలి. పాస్‌పోర్టు ఉంటే దాన్నే ఆధారం చేసుకుని, అక్షరం తేడా లేకుండా నింపండి.

డబ్బు కట్టేటప్పుడు చాలా డెబిట్ కార్డులు పనిచేయవు. అంతర్జాతీయ చెల్లింపులను బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. డాలరు మార్పిడి చార్జీలు పైన పడతాయి, ఖాతాలో కాస్త ఎక్కువే ఉంచండి. కట్టే ముందే పరీక్ష కేంద్రాల జాబితా చూడండి. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాద్. సీటు లేని ఊరికి ఫీజు కట్టేసి టెన్షన్ పడొద్దు.

ఇక చదువు సంగతి. పశుపోషణ, జంతువుల ఆరోగ్యం-సంక్షేమం, యానిమల్ హౌస్ నిర్వహణ అన్నవి ముఖ్య భాగాలు. మెట్టుకొక శిక్షణ పుస్తకం ఆలాసే వేస్తుంది. ఇది అమెరికా పరీక్ష అన్న సంగతి మరిస్తే మాత్రం, రోజూ చేసే పనిలోనే మార్కులు పోతాయి. మన సీసీఎస్ఈఏ మార్గదర్శకాలు గది వేడి 18 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ అంటాయి. అమెరికా వాళ్లు పాటించే గైడ్, అంటే ల్యాబ్ జంతువుల సంరక్షణ పుస్తకం, ఎలుకలకు 20 నుంచి 26 అంటుంది, అదీ ఫారెన్‌హీట్‌లో 68 నుంచి 79. కుందేళ్లకు ఇంకా చల్లగా ఉండాలి, 61 నుంచి 72. మే నెలలో అనంతపురంలో బయట 42 ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమవుతుందో మీకు తెలుసు. కూలర్ పెడితే వేడి తగ్గినా తేమ ఎగబాకుతుంది, తేమ 30 నుంచి 70 శాతం మధ్యే ఉండాలి. గోడ మీది మ్యాక్స్-మిన్ థర్మామీటర్ ఉదయం చూసి రాసేటప్పుడు పక్కనే ఫారెన్‌హీట్ కూడా రాయడం అలవాటు చేసుకోండి. నెల తిరిగేసరికి లెక్క నోటికొస్తుంది.

చట్టంలోనూ తేడా ఉంది. ప్రయోగాల కోసం పెంచిన మామూలు ఎలుకలు, చిట్టెలుకలు అమెరికా యానిమల్ వెల్ఫేర్ యాక్ట్ పరిధిలోకి రావు. మన దగ్గర ఒక్క చిట్టెలుకకైనా ఐఏఈసీ, అంటే సంస్థలోని జంతు నైతికతా కమిటీ అనుమతి కావాలి. మన ఐఏఈసీలో ఎనిమిది మంది సభ్యులు, అందులో ఒకరు సీసీఎస్ఈఏ నామినీ. అక్కడ ఆ పని ఐఏసీయూసీ (సంస్థలోని జంతు సంరక్షణ, వినియోగ కమిటీ) చేస్తుంది, దాని కూర్పు వేరు. ఇక్కడి జవాబు అక్కడ రాయొద్దు.

గర్భకాలాలు కంఠస్థం ఉండాలి: చిట్టెలుకకు 19 నుంచి 21 రోజులు, ఎలుకకు 21 నుంచి 23, కుందేలుకు 30 నుంచి 32, గినీ పిగ్‌కు 59 నుంచి 72. గినీ పిగ్‌కు విటమిన్ సి ఒంట్లో తయారుకాదు, మేతలోనే ఇవ్వాలి. మేత బస్తా మీద తయారీ తేదీ చూడడం అందుకే. మామూలు పొడి మేత సరిగ్గా నిల్వ చేస్తే ఆరు నెలలు వాడొచ్చు, స్థిరపరచని విటమిన్ సి కలిపినదైతే మూడు నెలలే.

లెక్కలంటే భయపడేవాళ్లు ఈ ఒక్క రకం చేసుకోండి. ఎలుక బరువు 250 గ్రాములు, మోతాదు కిలోకు 10 మిల్లీగ్రాములు. అంటే ఆ ఎలుకకు 2.5 మిల్లీగ్రాములు. మందు మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే సిరంజిలోకి తీయాల్సింది అర మిల్లీలీటరు. రోజూ తూచే బరువులతోనే పది లెక్కలు వేసి, ఇన్‌ఛార్జ్‌కు చూపించి దిద్దించుకోండి.

పాసయ్యాక ఆలాస్ రిజిస్ట్రీలో, అంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్ల జాబితాలో చేరే వీలుంది. అందులో కొనసాగాలంటే శిక్షణ గంటలు చూపించాలి. కాలేజీలో జరిగే ప్రతి వర్క్‌షాప్ సర్టిఫికెట్‌నూ, తేదీ, గంటలు ఉండేలా అడిగి తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి.