వచ్చి పోయే కరెంటు లోపాన్ని ఇంట్లో జాగ్రత్తగా వెతికి పట్టుకోవడం ఎలా

అసలే వెలగని లైటును బాగుచేయడం పెద్ద పని కాదు. ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి, ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ వేసినప్పుడు మాత్రం బుద్ధిగా వెలిగే లైటుతోనే అసలు చిక్కు. అతను బోర్డు విప్పి, నాలుగు స్క్రూలు బిగించి, రెగ్యులేటరో కెపాసిటరో మార్చి వెళతాడు. మర్నాడు సాయంత్రం అదే గది మళ్లీ చీకటవుతుంది. ఇటువంటి లోపం కోసం చేసే వెతుకులాటలో ముప్పాతిక భాగం ఏ మూతా విప్పకుండా చేయవచ్చు, చేయాలి కూడా. మిగిలిన పావు భాగం కరెంటు ఆపి చేయవలసినది, లేదా లైసెన్సు ఉన్న వైర్‌మన్‌కు అప్పగించవలసినది.

అయితే తీరిగ్గా వెతకకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. స్విచ్ బోర్డు దగ్గర కాలిన వాసన రావడం, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం, లోపల చిటపట శబ్దం వినిపించడం, కుళాయినో ఫ్రిజ్ తలుపునో ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమనడం వంటివి కనిపిస్తే సంబంధిత ఎంసీబీని (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్), అది ఏదో తెలియకపోతే మెయిన్‌నే దించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. త్రీఫేజు కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక గది బల్బులు కళ్లు మిరుమిట్లు గొలిపేలా, మరో గది బల్బులు గుడ్డిగా వెలుగుతుంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఊడిందని అనుమానించాలి. అప్పుడు 230 వోల్టులు రావలసిన చోట 300 దాటి రావచ్చు, పరిస్థితి విషమిస్తే 400 దాకా కూడా పోవచ్చు; టీవీలు, ఏసీలు, ఫ్రిజ్‌లు చూస్తుండగానే కాలిపోతాయి. మెయిన్ దించి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయడమే అక్కడ మన పని. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న వైరు డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) వారిది, దాని జోలికి మనం వెళ్లకూడదు.

ఇవేవీ లేవని తేల్చుకున్నాక మొదట ఇంటి సర్క్యూట్ల పటం గీసుకోవాలి. పగటి పూట ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి ఉంచి, డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ)లోని ఎంసీబీలను ఒక్కొక్కటిగా దించుతూ, ప్రతిసారీ ఏయే పాయింట్లు ఆగిపోయాయో ఇల్లంతా తిరిగి రాసుకోవాలి. సాకెట్ల కోసం ఒక టేబుల్ ల్యాంపును చేత్తో పట్టుకుని తిరిగితే సరిపోతుంది. చాలా ఇళ్లలో డీబీ మీద ఏ ఎంసీబీ దేనిదో రాసి ఉండదు. రాసి ఉన్నా, తర్వాత గదులు కలిపినప్పుడో ఏసీ పెట్టినప్పుడో మారిపోయి ఉంటుంది కనుక దాన్ని నమ్మనక్కర లేదు. ఇదే సమయంలో ఇన్వర్టరు మీద నడిచే పాయింట్లను కూడా విడిగా గుర్తించాలి, ఎందుకంటే మెయిన్ దించిన తర్వాత కూడా వాటిలో 230 వోల్టులు ఉంటాయన్న సంగతి మనం తరచుగా మరిచిపోతాం.

తర్వాత స్విచ్ బోర్డు పక్కన ఒక కాగితం అంటించి, లోపం కనిపించిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయాలి: ఏవి ఆగిపోయాయి, అదే ఎంసీబీ మీద ఉండి కూడా ఏవి ఆగలేదు, ఆ సమయానికి ఇంట్లో ఏ పెద్ద వస్తువు నడుస్తోంది, వాన పడిందా లేదా. వీటిలో రెండోదాన్ని ఎవరూ రాయరు, కాని లోపం ఎక్కడుందో చెప్పేది అదే.

ఎందుకో తెలియాలంటే మన ఇళ్లలో వైరింగు సాగే తీరు చూడాలి. డీబీ నుంచి బయలుదేరిన ఫేజు (కరెంటును తెచ్చే వైరు), న్యూట్రల్ వైర్లు గోడలోని పైపుల గుండా మొదటి స్విచ్ బోర్డుకు వస్తాయి; అక్కడ ఫేజు ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కు లూపుగా పాకి, అక్కడి నుంచి తర్వాతి బోర్డుకు పోతుంది. న్యూట్రల్ వైర్లనైతే చాలాచోట్ల బోర్డు వెనకో శ్లాబు కింది జంక్షన్ బాక్సులోనో మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేస్తారు. ఈ గొలుసులో ఏ జాయింటు వదులైతే దాని తర్వాత ఉన్నవన్నీ ఆగుతాయి, దానికి ముందున్నవి నడుస్తూనే ఉంటాయి. ఆగిన వాటిలో మొదటిదానికీ, ఆగని వాటిలో చివరిదానికీ నడుమ ఉన్న జాగాలోనే లోపం ఉంటుంది. ఒకే ఒక్క పాయింటు ఆగుతుంటే గోడ దాకా పోనక్కర లేదు. స్విచ్, హోల్డరు, సీలింగ్ రోజ్, లేదా ఆ వస్తువు ప్లగ్గు, దాని వైరు ముందు చూడాలి.

మా ఇంటి వెనక గది ఇలాగే కొన్నాళ్లు సతాయించింది. తొమ్మిది రోజుల్లో కాగితం మీద ఏడు పద్దులు పడ్డాయి. ఏడుసార్లూ వెనక గది, దాని బాత్రూమ్ లైటు కలిసి పోయాయి, అదే ఎంసీబీ మీద ఉన్న నడవ లైటు ఒక్కసారీ పోలేదు. ఆరుసార్లు ఆ గదిలో ఇస్త్రీ పెట్టె పనిచేస్తోంది, పోయిన కరెంటు పది, పదిహేను నిమిషాలకు తనంతట తానే తిరిగి వచ్చింది. వదులు జాయింటు మీద ఎక్కువ కరెంటు నడిస్తే అది వేడెక్కి, వ్యాకోచించి విడిపోతుంది. చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చే మధ్యాహ్నం వేళకు అది చల్లగా ఉంటుంది కనుక అతనికి దొరకదు. ఎనిమిదోసారి పోయినప్పుడు గదిలో స్విచ్‌లన్నీ వేసి ఉండగానే సాకెట్‌లో నియాన్ టెస్టర్ పెట్టి చూస్తే రెండు రంధ్రాల్లోనూ వెలిగింది. ఫేజు వస్తోంది, తిరుగు దారి లేక అదే ఫేజు ట్యూబులైటు గుండా న్యూట్రల్ వైరులోకి కూడా వచ్చి నిలబడింది, అంటే తెగినది న్యూట్రల్ అని అర్థం. లైటు వెలగలేదు కదా అని ఆ వేళ హోల్డరులో చేయి పెట్టిన వారికి రెండు వైర్లలో ఏది తగిలినా షాకే. మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపించి వైర్‌మన్ చేత నడవ బోర్డు విప్పిస్తే, మూడు న్యూట్రల్ వైర్లను కలిపి మెలిపెట్టిన ముడి కనిపించింది. టేపు జిగురు కరిగి కారింది, ఒక వైరు కొస నల్లబడి, వేలితో కదిపితే ఊగింది. వైర్లను మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కు కత్తిరించి కనెక్టరులో బిగించడానికి అతనికి పావుగంట కూడా పట్టలేదు.

ఇటువంటి జాయింటును మూత విప్పకుండా పసిగట్టే మరో ఉపాయం ఉంది. సాకెట్‌లో గుచ్చితే వోల్టేజి చూపించే చిన్న మీటరు దొరుకుతుంది. అనుమానం ఉన్న బోర్డులో దాన్ని పెట్టి అంకె రాసుకుని, అదే బోర్డులోని మరో సాకెట్‌కు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను పూర్తి వేడి మీద పెట్టి ఒక నిమిషం చూడాలి. ఇస్త్రీ పెట్టె దాదాపు 4 ఆంపియర్లు తీసుకుంటుంది; ఆరోగ్యంగా ఉన్న వైరింగులో వోల్టేజి మూడు నాలుగు వోల్టులకు మించి పడకూడదు. 20 వోల్టులు పడితే, లేదా అంకె నిలకడ లేకుండా గంతులు వేస్తే, దారిలో ఎక్కడో జాయింటు చెడింది. 20 వోల్టులను 4 ఆంపియర్లతో హెచ్చిస్తే 80 వాట్లు. పాతకాలపు పెద్ద బల్బంత వేడి గోడలో అగ్గిపెట్టెంత జాగాలో పుడుతోందన్నమాట. అటువంటి బోర్డు మీద ఇస్త్రీ పెట్టెను అంతకన్నా ఎక్కువసేపు ఉంచకూడదు. ఇదే పరీక్షను గొలుసులో ముందున్న బోర్డులో చేసి, అక్కడ వోల్టేజి పడకపోతే లోపం ఈ రెంటి నడుమ ఉందని తేలినట్టే. పడిన వోల్టేజి వేరే ఎంసీబీ మీది సాకెట్‌లోనూ అంతే పడితే అది మన గది సమస్య కాదు, మెయిన్ స్విచ్ దగ్గరో సర్వీసు వైరులోనో ఉంది.

ఇక బోర్డు విప్పవలసి వస్తే పాటించవలసిన వరుస ఇది. మెయిన్ దించాలి, ఇన్వర్టరు అవుట్‌పుట్ ఆపాలి, బ్యాటరీతో నడిచే సోలార్ ఉంటే దాన్నీ ఆపాలి. దించిన మెయిన్‌ను ఇంకెవరూ ఎత్తకుండా తలుపుకు తాళం వేయడమో, ఇంట్లో వారికి గట్టిగా చెప్పి కాగితం అంటించడమో చేయాలి. మెయిన్ దించకముందే కరెంటు ఉన్న సాకెట్‌లో టెస్ట్ ల్యాంపు (హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన బల్బు) వెలుగుతోందో లేదో చూసి, దించాక అదే ల్యాంపును విప్పిన బోర్డులో ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ పెట్టి చూసి, చివరికి కరెంటు ఉన్న మరో చోట (పక్కింటి సాకెట్ వంటిది) మళ్లీ వెలిగించి చూడాలి. ల్యాంపే పాడైపోయి ఉంటే ‘కరెంటు లేదు’ అని అబద్ధం చెబుతుంది కనుక ఈ చివరి పరీక్షను వదలకూడదు. టెస్టర్ వెలగలేదన్న ఒక్క ధైర్యంతో ఎవరూ వైరు పట్టుకోకూడదు. రబ్బరు చెప్పులతో పొడి బల్ల మీద నిలబడితే కరెంటు ఉన్నా అది సరిగా వెలగకపోవచ్చు. డిజిటల్ మల్టీమీటరు దీనికి ఎదురుగా ఉంటుంది: పక్క వైరు ప్రభావం వల్ల ఖాళీ వైరులో కూడా 50, 80 వోల్టులు చూపించి తికమక పెడుతుంది.

ఎంసీబీ అప్పుడప్పుడు పడిపోవడం వేరే కథ. స్విచ్ వేసిన మరుక్షణం ఠక్కున పడితే షార్టు, లేదా ఎక్కడో ఫేజు ఎర్త్‌ను తాకుతోంది. అరగంటో గంటో నడిచి పడితే అది చాలావరకు లోపమే కాదు, ఓవర్‌లోడు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంట సేపు భరించాలి, 23 ఆంపియర్లకు మాత్రం గంటలోపు పడాలి. ప్రమాణాలు దాన్ని అలాగే నిర్ణయించాయి. 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి ఇండక్షన్ పొయ్యి, ఏసీ తోడైతే లెక్క మనకే తెలుస్తుంది. లోడు తక్కువగా ఉన్నా పడుతుంటే ఎంసీబీ స్క్రూ వదులై, ఆ వేడికే లోపలి బద్దీ వంగుతోందేమో చూడాలి. పడుతోంది కదా అని 16 తీసి 32 పెట్టించుకునే వారిని చూస్తే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే గోడలోని వైరు మాత్రం పాత సన్న వైరే.

ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరాను తెంచే పరికరం) పడటమే అన్నింటికన్నా ఓపిక కోరేది. ఇంటికి వాడే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం లీకేజీ 15 దాటిన తర్వాత ఎప్పుడైనా పడవచ్చు. కంప్యూటర్లు, అడాప్టర్ల వంటివి ఒక్కొక్కటీ కొద్ది కొద్దిగా ఎర్త్‌లోకి వదిలే లీకేజీ కలిసి దాన్ని అంచున నిలబెడితే, ఫ్రిజ్ స్టార్టు కావడం కూడా దాన్ని పడేయగలదు. వాన పడిన తర్వాతే పడుతుంటే గేటు లైటు, డాబా మీది సాకెట్, మోటారు, నెమ్ము దిగే గోడలోని బోర్డు ముందు అనుమానితులు. గీజరు వేసిన కాసేపటికి పడితే ఎలిమెంటు పగిలింది. ఏ వేళా పాళా లేకుండా, అర్ధరాత్రి కూడా పడుతుంటే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ డీఫ్రాస్ట్ హీటరును అనుమానించాలి. అది కొన్ని గంటలకోసారి కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. బోర్డులో చచ్చిన బల్లి వల్ల ఆర్‌సీసీబీ పడిన ఇళ్లు కూడా ఉన్నాయి, నవ్వుకోనక్కర లేదు.

ఇక్కడ వెతికే పద్ధతి సగం చేసుకుంటూ పోవడం. ప్లగ్గులన్నీ పీకేసి, స్విచ్ ఆపడంతో ఊరుకోకుండా పీకేయడమే చేసి, ఒకటి రెండు రోజులు చూడాలి. ఆర్‌సీసీబీ నిలబడితే వస్తువుల్లో సగం పెట్టి మళ్లీ చూడాలి. అన్నీ పీకినా పడుతుంటే లోపం వైరింగులో ఉంది. అప్పుడు ఎంసీబీలను ఒక్కొక్కటిగా దించి చూడటం అందరికీ తోచేదే, కాని సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగులుతుంటే ఆ సర్క్యూట్ ఎంసీబీ దించినా, వేరే గదిలో ఏసీ నడిచినప్పుడు ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది. ఇన్వర్టరు పెట్టినప్పుడు రెండు న్యూట్రల్‌లను కలిపేసిన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. దీన్ని తేల్చాలంటే మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ నుంచి వైర్లను ఒక్కొక్కటిగా విడదీసి, 500 వోల్టుల మెగ్గరుతో (వైరు ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) ప్రతి దాన్నీ ఎర్త్‌కు కొలవాలి. వస్తువులన్నీ పీకి, ఎల్‌ఈడీ లైట్లు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు విడదీసిన తర్వాతే కొలవాలి, లేకపోతే ఆ పరీక్షే వాటిని కాల్చేస్తుంది. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిన సర్క్యూట్ దోషి. ఈ పని వైర్‌మన్‌ది. వచ్చేటప్పుడు మెగ్గరు తెస్తారా అని ఫోన్‌లోనే అడగడం మంచిది, టెస్టరుతో వచ్చినవారు దీన్ని తేల్చలేరు. విసుగెత్తి ఆర్‌సీసీబీని బైపాస్ చేయమని అడగకూడదు, ఎవరైనా చేస్తానన్నా ఒప్పుకోకూడదు.

లోపం దొరికి సరిచేశాక, లోపం కనిపించిన పరిస్థితినే మళ్లీ కల్పించి చూడాలి: మా వెనక గదిలో ఇస్త్రీ పెట్టెను గంట సేపు నడిపి, ఎంసీబీ దించి, నడవ బోర్డు మూత మీద మునివేళ్లు ఆనించి చూశాం, చల్లగానే ఉంది. ఆర్‌సీసీబీ పడిన కేసులైతే టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని చూడాలి, ఒక పెద్ద వాన దాటేదాకా కాగితాన్ని తీయకూడదు. డీబీ తలుపు లోపలి వైపు ఏ బోర్డులో ఏ జాయింటును ఏ తేదీన మార్చారో పెన్నుతో రాసి ఉంచితే, తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు సగం రోజు మిగులుతుంది.