జీఆర్‌ఈ పదాలు – 7వ పాఠం: లోను శాంక్షనైంది, దేశం మీద శాంక్షన్లు పడ్డాయి

అమెరికా లాంటి చోట్ల పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు పదాలు నేర్చుకుంటున్నాం కదా, ముందు పోయిన పాఠం గోల తేల్చుకుందాం. ఇంగ్లిష్ పదాలకు లాటిన్ మూలాలు చెప్పి వదిలేశాను. మీరు పంపిన జవాబులు చూస్తే సగానికి సగం 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడమే! తప్పు నాది కూడా. అందులో ఉన్నది ఎనర్జీ కాదు, లాటిన్ 'నెర్వస్', అంటే నరం. ఒంట్లోంచి నరం లాగేస్తే మనిషి చతికిలపడతాడు. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన గది, అందులో మీరు: ఎనర్వేటెడ్. అలాగే 'నాయిసమ్'లో నాయిస్ లేదు, 'అనాయ్' (విసిగించడం) ఉంది. అర్థం ముక్కు మూసుకునేంత కంపు. 'రెస్టివ్'కి విశ్రాంతితో పని లేదు. ఒకప్పుడు మొండికేసి కదలని గుర్రాన్ని అనేవారు, ఇప్పుడు అదుపులో ఉండనివాళ్లని, కుదురులేనివాళ్లని అంటున్నారు. మూలం పదాన్ని గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. తెలియని పదానికి అర్థం ఊహించడానికి దాన్ని నమ్మకండి.

టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు పూరించడం), సెంటెన్స్ ఈక్వివలెన్స్ (ఒకే ఖాళీకి వాక్యం అర్థం మారకుండా సరిపోయే రెండు పదాలు ఎంచడం) ప్రశ్నలు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే, దాటేస్తున్నాను.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. లిస్టులో 'క్వాలిఫై', 'టెంపర్', 'శాంక్షన్' కనబడగానే "ఇవి మనకొచ్చు" అని టిక్కు పెట్టేస్తారు. వచ్చింది తెలుగులో వాడే క్వాలిఫై! మన నోట్లో ఈ మాటలకు ఒక్కో అర్థమే స్థిరపడిపోయింది. పరీక్ష రెండోది అడుగుతుంది.

క్వాలిఫై చూడండి. మనకది ఎంట్రన్స్ గట్టెక్కడం. జీఆర్‌ఈలో ఎక్కువగా, అన్న మాటకు హద్దు గీయడం. పెళ్లిచూపుల నుంచి వచ్చాక పెద్దమ్మ "పిల్లాడు బాగానే ఉన్నాడు గానీ..." అంటుంది చూశారా, ఆ 'గానీ'యే క్వాలిఫై చేయడం. క్వాలిఫైడ్ ప్రెయిజ్ అంటే అర్హత ఉన్న పొగడ్త కాదు, 'గానీ' ఉన్న పొగడ్త. అన్‌క్వాలిఫైడ్ సక్సెస్ అంటే ఏ 'గానీ' లేని విజయం. దీన్ని చేతగానివాడి విజయమని రాసినవాళ్లున్నారు, పేర్లు చెప్పను.

టెంపర్ మనకు కోపం. క్రియగా వస్తే ఘాటు తగ్గించడం, చిక్కటి మజ్జిగలో నీళ్లు కలిపినట్టు. శాంక్షన్ మరీ గడుసుది: బ్యాంకు చేస్తే ఆమోదం, దేశాలు విధిస్తే శిక్ష. ఎటువైపో వాక్యమే చెప్పాలి. చెక్ విషయంలో మాత్రం మన పత్రికలు సాయపడతాయి. "అక్రమాలకు చెక్" అని హెడ్డింగు పెట్టినప్పుడు వాడింది పరీక్ష అర్థమే, అడ్డుకోవడం. అరెస్ట్ అన్నా ఆపడమే. కార్డియాక్ అరెస్టులో పోలీసులుండరు కదా.

అన్నయ్య దాచిన పాత పుస్తకంతో చదివేవాళ్లకు ఒక మాట. 2011 ఆగస్టు దాకా ఈ పరీక్షలో యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు) ఉండేవి, విడి పదాలు బట్టీ కొడితే కొంత నడిచేది. ఇప్పుడు వాక్యం లేకుండా పదం అడగరు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు ఆప్షన్లలో సరైన రెండూ పట్టాలి, ఒకటి తప్పితే సున్నా. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌కి (ఇంగ్లిష్ భాగానికి) 27 ప్రశ్నలు, 41 నిమిషాలే. నేనైతే ఆప్షన్లు చేత్తో మూసి, ఖాళీలో ముందు తెలుగు మాట పెట్టుకుంటాను. పక్కన ఆ మాట మంచిదైతే ప్లస్సో చెడ్డదైతే మైనస్సో గీసి, అప్పుడు చెయ్యి తీస్తాను. మూడు వేల పదాల లిస్టులు నాకు పడవు.

అభ్యాసం: ఫ్లాగ్, వాంట్, అప్రోప్రియేట్, టేబుల్. నాలుగూ క్రియలుగానే. డిక్షనరీలో మొదటి అర్థం కొట్టేసి, మిగతా ప్రతి అర్థానికీ మీ ఇంట్లో జరిగిన సంగతితో రెండేసి ఇంగ్లిష్ వాక్యాలు ఆదివారంలోగా రాయండి. టేబుల్ దగ్గర జాగ్రత్త: బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను వాయిదా వేయడం. పరీక్ష అమెరికా వాళ్లది.