మంటల్లో కట్టడాలు, 6వ పాఠం: చప్పుడు చెయ్యని బండ

ఈ వారం రేకుల షెడ్ల గురించి చెప్పాల్సింది. మీ జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టాను.

పోయిన పాఠంలో కప్పు కూలే ముందు కనిపించే గుర్తులు చెప్పాను: దూలం వంగడం, గోడకు కొత్త పగులు, తలుపు బిగుసుకుపోవడం, పైనుంచి మట్టి రాలడం. చివర్లో ఒక ప్రశ్న అడిగాను. పాత మిద్దె, మంట అంటుకుని అర గంటయింది, లోపల మనుషులు లేరు, ఈ గుర్తులేవీ లేవు, మంట ఆర్పడానికి వెళ్లిన ఫైర్‌మెన్‌గా మీరు ఏం చేస్తారు? చాలామంది "లోపలికి వెళ్తాం" అని రాశారు. అవి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తు కనిపిస్తే బయటికి రమ్మన్నాను గానీ, కనిపించనంత మాత్రాన భద్రమని కాదని గట్టిగా చెప్పలేదు. ఆ తప్పు నాదే.

ఇనుము కూలే ముందు చెబుతుంది. 550 డిగ్రీల దగ్గర దాని బలం సుమారు సగానికి పడిపోతుంది, వంగుతూ కనిపిస్తుంది. కట్టె కిర్రుమంటుంది, అది కూడా ప్రతిసారీ కాదు. 1988 జులై 1న అమెరికాలోని హాకెన్‌సాక్‌లో ఒక కార్ల షోరూంలో మంట సీలింగ్ పైన, కట్టె ట్రస్‌ల (కప్పును మోసే చట్రాల) మధ్య ఉంది. ఆ కప్పు కూలిన ప్రమాదంలో ఐదుగురు ఫైర్‌మెన్ చనిపోయారు.

కప్పుకు పరిచే రాతి బండ అసలు చెప్పదు. వంగే గుణం దానికి లేదు. నిలబడినంతసేపు నిలబడి, ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది.

మన కర్నూలు, కడప, అనంతపురం ఊళ్లలో పాత మిద్దెలు ఎన్నో ఇలాగే ఉంటాయి: దూలం, దాని మీద దంతెలు (అడ్డంగా పేర్చిన కట్టెలు), వాటి మీద బండలు, ఆపైన చౌడు మట్టి. కారినప్పుడల్లా కొత్త చౌడు పోస్తారు, పాతది తియ్యరు. అడుగు మందం పేరుకుందంటే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. పదడుగుల గది నెత్తిన నాలుగున్నర టన్నులు, అంటే మన 4,500 లీటర్ల ఫైరింజను నిండా పట్టే నీళ్లంత బరువు. తడిస్తే ఇంకా ఎక్కువ.

కింద దంతె కాలుతోంది. కట్టె నిమిషానికి ఒక్కో వైపు సుమారు 0.7 మిల్లీమీటర్లు బొగ్గవుతుంది. నాలుగంగుళాల దంతె మూడు వైపులా కాలితే అర గంటకు నాలుగంగుళాల వెడల్పు రెండున్నర అంగుళాల కన్నా తక్కువకు దిగుతుంది, బలంలో నూటికి 40 పాళ్లు కూడా మిగలదు. పొగలో మీకు కనిపించేది మాత్రం నల్లబడిన దంతె, అంతే.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే పని. లోపలికి పోగానే బ్రాంచి (హోస్ చివరి గొట్టం) పైకెత్తి కప్పుకేసి జెట్, అంటే నీళ్లధార, కొట్టడం! గది నిండా మంట అందుకుంటే కప్పు కింద వేడి 600 డిగ్రీలు దాటుతుంది. బండ అడుగు భాగం కాలి ఉబ్బుతుంది, మట్టి కింద ఉన్న పై భాగం చల్లగానే ఉంటుంది. అప్పటికే లోపల లాగులాట. దాని మీద చన్నీళ్లు పడితే కాలిన వైపు ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది. పొగను చల్లార్చాలంటే గుమ్మం దగ్గర నిలబడి చిన్న చిన్న జల్లులు చాలు. జెట్ మంట మొదలు మీదికి. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడకు కూడా దగ్గరి నుంచి జెట్ కొట్టకండి, అడుసు కడుక్కుపోతుంది.

మంట ఆరాక కూడా ఇదే భయం. కర్నూలు పాతబస్తీలో ఒక గోదాంలో మంట ఆర్పేసి, గుడ్డలు తిరగేస్తున్నాం. నా పక్కనున్నతను నీళ్ల సీసా కోసం గుమ్మం దాకా వెళ్లాడు. టప్‌మని ఒకే చప్పుడు. వెనక్కి చూస్తే అతను వంగి పనిచేసిన చోట బండ సగం ముక్క నేలలో దిగబడి ఉంది, దాని మీద చౌడు ఇంకా ధారగా కారుతోంది.

అందుకే నేను కాలుతున్న మిద్దె ఎక్కను. గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) మూత తియ్యాలన్నా పక్క మిద్దె మీదినుంచో, నిచ్చెన మీదినుంచో కొక్కెంతో లాగుతాను.

షెడ్ల గురించి ఇప్పటికి రెండు మాటలే. పది మీటర్ల ఇనుప దూలం 500 డిగ్రీలు వేడెక్కితే ఆరు సెంటీమీటర్ల దాకా సాగి గోడను బయటికి నెడుతుంది. ఆదోని పత్తి మిల్లుల్లో బేళ్లు తడిసి ఉబ్బినా గోడలను నెడతాయి. కాబట్టి బయట నిలబడేవాళ్లు గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. నా లెక్క తేలిక: పది మీటర్ల గోడకు ఒక 15 మీటర్ల హోస్ పొడవు. ఎత్తు కొలిచేటప్పుడు పిట్టగోడను వదలకండి. నేను ఎప్పుడూ మూలకు ఎదురుగానే నిలబడతాను, గోడలు ఎక్కువగా ముందుకే పడతాయి గనక.

అభ్యాసం: మీ ఊళ్లో పది పాత మిద్దెలు, ఇంటివాళ్లను అడిగి, లోపలా బయటా చూడండి. దంతె మందం, రెండు దంతెల మధ్య ఎడం, పైన చౌడు మందం, గోడ ఎత్తు రాయండి. ప్రతి గదికీ కప్పు బరువు లెక్క కట్టండి. తర్వాత పోయినసారి ప్రశ్నకే మళ్లీ జవాబు రాయండి. ఈసారి ఎక్కడ నిలబడతారో, గోడకు ఎన్ని మీటర్ల దూరమో బొమ్మ గీసి పంపండి.