మొండి ఖనిజంలో బంగారం: ముందు సీసా పరీక్ష

రాయచూరు వైపు రాయి బెంగళూరు ల్యాబ్‌కి వచ్చిందనుకోండి. బంగారాన్ని కరిగించే సయనైడ్‌కి కూడా దాన్ని సులువుగా వదలని రాయే మొండి ఖనిజం. అది ఎందుకు మొండికేస్తోందో ముందు తేల్చాలి. అందుకే సీసాలో ఈ చిన్న పరీక్ష.

1 కిలో ఖనిజాన్ని 80 శాతం 75 మైక్రాన్ల జల్లెడ దాటేలా నూరి, 1.5 లీటర్ల నీళ్లు కలపండి. సున్నంతో పీహెచ్ 10.5–11కి తెచ్చాకే సోడియం సయనైడ్, లీటరుకు 1 గ్రాము. వరస మారకూడదు: పీహెచ్ 9 కిందికి జారితే ఎక్కువ భాగం ప్రాణం తీసే హైడ్రోజన్ సయనైడ్ వాయువవుతుంది. లైసెన్సున్న ల్యాబ్‌లో, విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. ఇంటి మేడమీద చేసే పని కాదిది.

సీసాను రోలర్ల మీద 24 గంటలు తిప్పండి. మూత గట్టిగా బిగిస్తే ఆక్సిజన్ అందక బంగారం సరిగా కరగదు. 2, 4, 8, 24 గంటలకు ద్రావణం తీసి బంగారం, మిగిలిన సయనైడ్ రెండూ చూడండి. సయనైడ్ ముందే అయిపోతే దాన్ని తినేసే రాగినో, పైరోటైట్ అనే ఇనుప సల్ఫైడ్‌నో అనుమానించాలి.

కరిగిన బంగారం 4వ గంటకు పెరిగి తర్వాత పడిపోతే, ఖనిజంలోని కర్బనం దాన్ని మింగుతున్నట్టే. లీటరుకు 15 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ మొదటినుంచే వేసి మళ్లీ నడపండి; ఖనిజంలోని కర్బనం కంటే ముందే అది బంగారాన్ని పట్టుకోవాలి. మొదటినుంచీ తక్కువే ఉంటే 20 మైక్రాన్లకు నూరి చూడండి. అప్పటికీ కదలకపోతే బంగారం పైరైట్, ఆర్సెనోపైరైట్ అనే సల్ఫైడ్ ఖనిజాల గింజల్లో ఇరుక్కుని ఉండొచ్చు. అలాగైతే ముందు ఆ సల్ఫైడ్‌ను ఆక్సీకరించాలి. అందుకు ఖనిజాన్ని వేయించడం చవకగా కనిపిస్తుంది గానీ ఆర్సెనిక్ పొగ పట్టే ఖర్చు కలిపితే కాకపోవచ్చు.