సంక్రాంతికి ఊరెళ్తూ కుక్కను బోర్డింగ్‌లో వదిలే ముందు
పండగ వారంలో హైదరాబాద్‌లో కుక్కల బోర్డింగ్ దొరకడం కష్టం, అందుకే ముందే చూసుకోండి. ఫొటోలు చూసి బుక్ చేయకండి. ఒకసారి వెళ్లి, రాత్రి కుక్కలు పడుకునే గది చూపించమనండి. నసిగితే అక్కడితో వదిలేయండి. రేబిస్, సెవెన్ ఇన్ వన్ (చాలా జబ్బులకు కలిపి వేసేది) టీకాల కార్డు అడగకుండా చేర్చుకుంటామన్నా అంతే. మిమ్మల్ని అడగనివాళ్లు పక్క కుక్క వాళ్లనూ అడగరు కదా! కెన్నెల్ కాఫ్ (ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే దగ్గు) టీకా గురించి డాక్టర్‌ని రెండు మూడు వారాల ముందే అడగండి. మా కుక్క పోయినేడాది ఒంటినిండా పిడుదులతో తిరిగొచ్చింది, వాటివల్ల టిక్ ఫీవర్ వస్తుందేమోనని నెలంతా టెన్షనే. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు గోడ పగుళ్లే చూస్తాను, పిడుదులు దాక్కునేది అక్కడే. రాత్రిపూట మనిషి ఉంటాడో లేదో కనుక్కోండి. తిండి మాత్రం ఇంట్లో పెట్టేదే కట్టివ్వండి, ఒక్కసారిగా మారితే విరేచనాలు పట్టుకుంటాయి.