సన్‌స్క్రీన్ రాసుకున్నా ట్యాన్ అవుతామా? ఎండలోకి వెళ్లేముందు జాగ్రత్తలు

అవుతాం. సన్‌స్క్రీన్ పూసుకుని ఎండలో తిరిగినా ఒళ్లు ఎంతో కొంత నల్లబడుతుంది. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఎండలు మొదలైన రెండు వారాలకే చాలామంది ట్యూబు పక్కన పడేస్తారు. "రోజూ రాశాను, అయినా చేతులు నల్లబడ్డాయి, ఇక దీనివల్ల ఏం లాభం?" అంటారు. ఇంకొందరు మరోలా సర్దిచెప్పుకుంటారు. మంట పుట్టలేదు, ఎర్రబడలేదు, రంగు మాత్రమే మారింది కాబట్టి చర్మానికి ఏమీ కాలేదని నిబ్బరంగా ఉంటారు. రెండూ పొరపాట్లే. నల్లబడ్డామంటే కొన్ని కిరణాలు లోపలికి దిగాయన్నమాట. అవి ఎక్కడ సందు దొరికి దిగాయో కనిపెట్టి ఆ సందు మూసుకోవాలి.

ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో మన దాకా వచ్చేవి రెండు రకాలు: యూవీబీ, యూవీఏ. యూవీబీ చర్మం పై పొరలోనే ఎక్కువగా ఆగిపోతుంది. కందిపోవడం, మంట, పొట్టు లేవడం ప్రధానంగా దీని పనే. యూవీఏ ఇంకా లోతుకు పోతుంది. నేలకు చేరే యూవీలో దాదాపు 95 శాతం ఇదే. కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏని బాగానే వదిలేస్తుంది. రోజూ కారు నడిపేవారికి కిటికీ వైపున్న చెయ్యి రెండో చేతికన్నా నల్లగా కనిపించడానికి కారణం అదే.

నల్లబడటం కూడా రెండు దశల్లో జరుగుతుంది. యూవీఏ తగిలిన కాసేపటికే, చర్మానికి రంగునిచ్చే, అందులో అప్పటికే ఉన్న మెలనిన్ అనే పదార్థం ముదురుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని ఉలిక్కిపడేది దాన్ని చూసే. అసలు నలుపు రెండు మూడు రోజులకు పైకి తేలుతుంది, అది కొత్తగా తయారైన మెలనిన్. అది ఎందుకు తయారవుతుందో తెలిస్తే ట్యాన్ మీద మోజు కొంత తగ్గుతుంది. యూవీ వల్ల కణాల్లోని డీఎన్‌ఏ దెబ్బతింటుంది. పీ53 అనే ప్రొటీన్ దాన్ని పసిగట్టి, రంగు తయారుచేసే మెలనోసైట్ కణాలకు కబురు వెళ్లేలా చేస్తుంది. అవి మెలనిన్‌ని చుట్టుపక్కల కణాలకు పంచితే, ఆ కణాలు దాన్ని తమ కేంద్రకం మీద గొడుగులా కప్పుకుంటాయి. అంటే తడిశాక విప్పుకున్న గొడుగు ఇది. దానివల్ల దొరికే రక్షణ కూడా ఎస్‌పీఎఫ్ (ఎండకు కందిపోకుండా సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 3, 4 స్థాయిని మించదు. పైగా ఎండలోంచి నీడలోకి వచ్చేశాక కూడా, యూవీఏ తగిలిన మెలనోసైట్లలో మూడు గంటలకు పైగా డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటుందని 2015లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అందుకే "హాని లేకుండా ట్యాన్ అవ్వడం ఎలా" అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఒక్కటే: అలాంటి ట్యాన్ లేదు.

మరి సన్‌స్క్రీన్ ఆపేది ఎంత? ఎస్‌పీఎఫ్ 15 ఎర్రబరిచే కిరణాల్లో 93 శాతాన్ని, 30 అయితే 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది. నూటికి నూరు ఆపేది ఏదీ లేదు. మిగిలిన ఆ రెండు మూడు శాతం ఒక్కరోజులో కందిపోయేలా చేయకపోవచ్చు. కానీ చర్మం ఎర్రబడటానికి సరిపోనంత తక్కువ మోతాదులు కూడా రోజు మీద రోజు పేరుకుంటే రంగు మార్చడానికి సరిపోతాయి. ఇంకో సంగతి: ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ గురించే చెబుతుంది. యూవీఏ సంగతి తెలియాలంటే సీసా మీద వేరే గుర్తు వెతకాలి. బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాట గానీ, పీఏ పక్కన ప్లస్ గుర్తులు గానీ, వలయంలో రాసిన యూవీఏ అక్షరాలు గానీ ఉండాలి. వలయం ఉంటే యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని అర్థం. పీఏకి నాలుగు ప్లస్‌లు ఉంటే అన్నిటికన్నా మేలు. పెద్ద అంకె చూసి కొనేసి ఈ గుర్తు చూడనివారే, ఎర్రబడకుండానే నల్లబడ్డామని ఆశ్చర్యపోతుంటారు.

ఇక అసలు సందు దగ్గరికి వద్దాం. నన్నడిగితే నూటికి తొంభై తప్పులు ఇక్కడే ఉన్నాయంటాను. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మనం మామూలుగా రాసుకునేది అందులో పావు నుంచి సగం వరకే. పూత పలచబడితే రక్షణ కూడా పడిపోతుంది. సీసా మీద 50 అని ఉండవచ్చు, మన బుగ్గ మీద మాత్రం అది 50 కాదు. ముఖానికీ మెడకూ కలిపి, చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా గీతల్లా పిండుకున్నంత కావాలి. ఒక్కసారే రాస్తే తెల్లగా పేరుకుపోతుందని అనిపిస్తే ఒక పొర రాసి, కాస్త ఆరాక రెండోది రాయండి. కొలతంటూ పట్టించుకోవాల్సింది మొత్తం మోతాదునే. ఈతకో, ఒళ్లంతా ఎండ తగిలే ఆటకో వెళ్తుంటే పెద్దవాళ్లకు ఒక విడతకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 100 మిల్లీలీటర్ల సీసా మూడు విడతలకే ఖాళీ కావాలి. ఇంటిల్లిపాదీ వాడే సీసా ఎండాకాలమంతా వచ్చిందంటే ఎవరూ సరిపడా రాసుకోలేదనే అర్థం.

ఇంట్లోంచి బయల్దేరడానికి 15 నుంచి 30 నిమిషాల ముందే రాసుకోండి. చర్మం మీద అది సమంగా పరుచుకుని ఆరాలి. ఆ తర్వాత ప్రతి రెండు గంటలకూ మళ్లీ రాయాలి. బాగా చెమట పట్టినా, నీళ్లలో దిగినా, తువ్వాలుతో తుడుచుకున్నా అంతవరకూ ఆగకుండా వెంటనే రాయాలి. నీటికి తట్టుకుంటుందని రాసి ఉన్న రకాలు కూడా 40 లేదా 80 నిమిషాల వరకే హామీ ఇస్తాయి. "నాకు పది నిమిషాల్లో కందుతుంది, ఎస్‌పీఎఫ్ 30 రాశాను కాబట్టి 300 నిమిషాలు హాయి" అనే లెక్క వేసుకోకండి. అన్ని గంటలు పూత చెరగకుండా ఉండదు. ఎస్‌పీఎఫ్ 15 ఉన్న క్రీము మీద 30 ఉన్న మేకప్ వేసుకుంటే 45 అవుతుందన్న లెక్క కూడా కుదరదు.

మరిచిపోయే చోట్లు ఎప్పుడూ అవే: చెవుల పైభాగం, మెడ వెనుక, పాపిడి, కాళ్ల మీద చెప్పుల పట్టీల మధ్య భాగం, అరచేతుల వెనుక. చేతులు కడిగిన ప్రతిసారీ పూత పోతుంది గనక ముఖం కన్నా అరచేతుల వెనుక భాగమే ముందు నల్లబడుతుంది. పెదవులకు ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వాడండి.

చామనఛాయ, నల్లని ఛాయ ఉన్నవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. "నేను ఎలాగూ నలుపే, నాకెందుకు" అనుకోవద్దు. బాగా నల్లని చర్మానికి పుట్టుకతో వచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ 13 దరిదాపుల్లో ఉంటుంది. ఊరటే గానీ రోజంతా ఎండలో ఉండటానికి అది చాలదు. పైగా మెలనిన్ ఎక్కువగా ఉన్న చర్మం యూవీకే కాక కంటికి కనిపించే వెలుతురుకు కూడా నల్లబడుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు రంగులో ఉండే టింటెడ్ రకాలు ఆపుతాయి. బుగ్గల మీద మంగు ఉన్నవారికి ఈ తేడా చాలా పెద్దది. రెండు మూడు రకాలు మార్చి చూసినా మంగు ముదురుతూనే ఉందంటే ఒకసారి టింటెడ్‌ వైపు చూడండి.

సీసా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బయల్దేరేముందు ఫోన్‌లో ఆ రోజు యూవీ తీవ్రతను చెప్పే యూవీ సూచీ ఎంతో చూడండి. 3 గానీ ఆపైన గానీ ఉంటే జాగ్రత్త పడాలి, 8 గానీ ఆపైన గానీ ఉంటే మధ్యాహ్నపు పనిని వాయిదా వేయగలిగితే వేయండి. ఫోన్ అందుబాటులో లేకపోతే మీ నీడ చాలు. మీకన్నా మీ నీడ పొట్టిగా ఉంటే ఎండ తీక్షణంగా ఉన్నట్టే. వేడినీ యూవీనీ ఒకటిగా చూసి మోసపోవద్దు. చల్లని కొండ మీద ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు తన మీద పడిన యూవీలో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది. పొడి ఇసుక నుంచి 15 శాతం దాకా వెనక్కి వస్తుంది కనుక గొడుగు కింద కూర్చున్నా పూర్తి నీడలో ఉన్నట్టు కాదు. పలచని మబ్బు కూడా పెద్దగా అడ్డం కాదు.

బట్టల విషయంలో మందం కన్నా నేత ముఖ్యం. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలిది కనిపిస్తోందంటే కిరణాలూ దూరతాయి. పలచని తెల్ల నూలు టీషర్టు కాపాడేది తక్కువే, తడిస్తే మరీ తక్కువ. ఒత్తుగా నేసిన ముదురు రంగు పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ ఉంటే క్రీముతో పని సగం తగ్గుతుంది. బట్ట రెండు గంటలకు చెరిగిపోదు కూడా.

మందులు వాడేవారు ఇంకాస్త మెలకువగా ఉండాలి. డాక్సీసైక్లిన్, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, రెటినాయిడ్ క్రీములు, బీపీకిచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. మందు మీరే ఆపేయకండి, డాక్టర్ని అడగండి. ట్యాన్ పోగొట్టుకోవడానికి నిమ్మరసం రుద్దుకుని బయటికి వెళ్లడం మాత్రం దయచేసి మానేయండి. అందులోని పదార్థాలు యూవీఏతో కలిసి చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, వాటి మచ్చలు వారాలు, నెలలు ఉండిపోతాయి. ఆరు నెలలలోపు పసిపిల్లలకు సన్‌స్క్రీన్ కన్నా నీడ, పలచగా కాక వదులుగా ఉండే బట్టలే మేలు.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా అని సందేహపడేవారికి ఆస్ట్రేలియాలో నంబూర్ అనే ఊళ్లో జరిగిన పరీక్ష గురించి చెప్పాలి. 1992లో 1,600 మందికి పైగా పెద్దవాళ్లతో మొదలుపెట్టారు. సగం మందిని రోజూ రాసుకోమన్నారు, మిగతావారిని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసినవారిలో స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. ఆ తర్వాత ఏళ్లపాటు గమనిస్తే మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ సగానికి తగ్గినట్టు 2011లో తేలింది. వాళ్లకిచ్చింది ఎస్‌పీఎఫ్ 16 మాత్రమే. రాసుకున్నవాళ్లెవరూ అసలు నల్లబడలేదని ఆ ఫలితాలు చెప్పవు. తేడా తెచ్చింది రోజూ రాసుకునే అలవాటే.

జాగ్రత్తపడినా ఒకరోజు నల్లబడి వచ్చారనుకోండి. రుద్దకండి, స్క్రబ్‌లూ బ్లీచ్‌లూ పెట్టకండి, దెబ్బతిన్న చర్మానికి అది ఇంకో దెబ్బ. కందిపోయి ఉంటే చల్లటి నీళ్లతో తడిపి, మామూలు మాయిశ్చరైజర్ రాసి, నీళ్లు బాగా తాగండి. కందడం పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపు పెరిగి తర్వాత తగ్గుతుంది. పెద్ద బొబ్బలు, జ్వరం, వణుకు, వాంతులు ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నలుపు దానంతటదే వారాల్లో తగ్గుతుంది, ఈలోపు మళ్లీ ఎండ తగలనివ్వకపోతేనే. ఆ వారాల్లో స్నానానికి వెళ్లినప్పుడు ఒళ్లంతా ఒకసారి చూసుకోండి. అంచులు వంకరగా ఉన్న, రంగు మారుతున్న, పెరుగుతున్న పుట్టుమచ్చ ఏదైనా కనిపిస్తే, అరికాళ్లు, గోళ్ల కింద సహా, దాన్ని ట్యాన్ ఖాతాలో వేయకుండా చర్మ వైద్యులకు చూపించండి.