కాన్పూర్ రివాల్వరా, కొత్త కంపెనీదా? బార్డర్ జిల్లాల లైసెన్సుదారులకు

మొన్న గుణుపురం నుంచి మా పెదనాన్న గారి అబ్బాయి ఫోన్ చేశాడు. "ఒరే తమ్ముడూ, లైసెన్సు చేతికొచ్చింది, కానీ ఇప్పుడెవర్ని అడిగినా కాన్పూరుది వద్దు, కొత్త కంపెనీలవి చూడు అంటున్నారు, ఏది కొనమంటావు?" అని. నేను చెప్పింది ఒక్కటే. "ముందు లైసెన్సు తీసి ఏరియా అన్నచోట ఏం రాశారో చదువన్నా, రివాల్వర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం." వాడికి కాస్త కోపం వచ్చింది. ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, బరంపురం వైపు ఉండే మన తెలుగువాళ్లందరికీ ఈ వరసే కరెక్టని నా నమ్మకం, ఎందుకో కింద రాస్తున్నాను. సిరొంచ వైపు మహారాష్ట్రలో ఉన్నవాళ్లకూ చాలావరకు ఇదే లెక్క.

ముందుగా మార్కెట్లో "కాన్పూరుది పడిపోయింది" అంటున్న మాట సంగతి. 1980ల మధ్యలో మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక, లైసెన్సు ఉన్నవాడికి కొత్త రివాల్వర్ కావాలంటే ప్రభుత్వ ఆర్డినెన్స్ (ఆయుధాల) ఫ్యాక్టరీలే దిక్కయ్యాయి. కాన్పూర్ నుంచి వచ్చే .32 రివాల్వర్, ఆరు రౌండ్లు (తూటాలు) పట్టేది, మధ్యలో విరిచి తెరిచేది, పాత ఇంగ్లండు కంపెనీ వెబ్లీ పద్ధతి. నచ్చినా నచ్చకపోయినా అదే. ట్రిగ్గర్ గట్టి, ఫినిషింగ్ మోటు అని సణుక్కుంటూనే అందరూ కొన్నారు, మా నాన్న కూడా. 2014లో నిర్భీక్ అని ఆడవాళ్ల కోసం తేలికది తెచ్చారు, అర కిలో బరువు, ధర లక్షా ఇరవై వేలు దాటింది. పేరు మోగింది గానీ ఆ డబ్బు పెట్టి కొనే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరుంటారో మీరే చెప్పండి.

తర్వాత 2016 ఆయుధాల నిబంధనలు వచ్చాయి, ప్రైవేటు వాళ్లకూ తయారీకి దారి దొరికింది, 2020 నాటికి వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లా సండీలాలో .32 రివాల్వర్ తయారీ మొదలైంది. తమాషా ఏంటంటే కాన్పూర్ వాళ్లు ఇన్నేళ్లు ఏ పద్ధతి రివాల్వర్ చేస్తూ వచ్చారో, ఆ పద్ధతికి అసలు పేరున్న కంపెనీయే వచ్చి పక్కన కూర్చుంది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలు చేశారు, కాన్పూర్ ఆయుధాలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే కంపెనీ కిందకి వెళ్లాయి. 2023లో వాళ్లు ప్రబల్ అని సిలిండర్ (రౌండ్లు పట్టే గుండ్రటి భాగం) పక్కకి తెరుచుకునే రివాల్వర్ తెచ్చారు. అంటే నిద్ర లేచారు, కాస్త ఆలస్యంగా.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. కార్ ఆర్మ్స్ అని ఒక కంపెనీ ఉంది (మన కారు కాదు). చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే సన్నని 9 ఎంఎం పిస్టలంటే 1990ల చివర్లో ముందు దాని పేరే చెప్పేవాళ్లు. వాళ్ల పీఎం9లో మ్యాగజీన్‌కి ఆరు, చాంబర్లో ఒకటి. 2018లో సిగ్ కంపెనీ పీ365 తెచ్చింది, దాదాపు అంతే సైజులో పది ప్లస్ ఒకటి. మరుసటి ఏడే స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ల హెల్‌క్యాట్, పదకొండు ప్లస్ ఒకటి. కార్ వాళ్లు చెడ్డ పిస్టల్ చేసి వెనకబడలేదు, పక్కవాడు మారుతున్నా అదే పిస్టల్ చేస్తూ కూర్చుని వెనకబడ్డారు. అయితే యూట్యూబులో ఇవన్నీ చూసి మనసు పారేసుకోకండి. 9 ఎంఎం మన దేశంలో మామూలు లైసెన్సుకి రాదు, అది నిషేధిత బోరు (తూటా సైజు). పాత విదేశీ .32 పిస్టళ్లు చేతులు మారుతుంటాయి గానీ ధర వింటే పొలం అమ్ముకోవాలి.

ఇక అసలు పని.

లైసెన్సు ఏ ఏరియాకి చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది. మన కలెక్టర్ ఇచ్చిన లైసెన్సులో ఒడిశా వరకే అని ఉంటే అది ఒడిశా వరకే. పర్లాకిమిడిలో ఉండేవాడు మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. మనకది పక్క వీధి లాంటిది, కూరగాయలకి వెళ్తాం, నీలమణి దుర్గ గుడికి వెళ్తాం, సగం మందికి అత్తవారిల్లు అటే. నడుముకి రివాల్వర్ ఉన్న సంగతి మర్చిపోయి వంతెన దాటారా, ఆ అవతల మీ లైసెన్సు లేనట్టే లెక్క, ఆయుధాల చట్టం కింద కేసు. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లేవాళ్లకీ, సిరొంచ నుంచి నది దాటి కాళేశ్వరం వెళ్లేవాళ్లకీ అంతే. పక్క రాష్ట్రానికీ చెల్లేలా కావాలంటే కారణం చూపించి విడిగా అడగాలి, ఊరికే ఇవ్వరు. మీ వ్యాపారం రెండు వైపులా ఉంటే జీఎస్టీ కాగితాలు, అటువైపు గోడౌన్ అద్దె పత్రం లాంటివి దగ్గర పెట్టుకుని అడగండి, నోటి మాట పనికిరాదు.

అప్లికేషన్ ఇంకా పెట్టనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను: ఆన్‌లైన్లో ఫారం ఏ-1, పోలీసు విచారణ, తుపాకీ వాడకం మీద ట్రైనింగ్ సర్టిఫికెట్, యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబర్. 21 ఏళ్లు నిండాలి. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు, ఒక మనిషికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే. థానా నుంచి విచారణకి వచ్చినప్పుడు "ఎందుకు కావాలి" అంటే "ఊరికే, రక్షణకి" అనకండి. మిల్లు డబ్బు ఎంత, ఏ దారిలో, ఏ టైముకి తెస్తారు, ఇదివరకు ఏమైనా జరిగితే ఫిర్యాదు నంబర్ ఎంత, ఇవి చెప్పండి. తోటలో ఎలుగులూ పందులూ అని రివాల్వర్ అడిగేవాళ్లున్నారు, పంట కాపలాకి ఇచ్చే లైసెన్సు వేరు, దానికిచ్చే తుపాకీ వేరు.

కొనేముందు ఇంకో ప్రశ్న వేసుకోండి. ఇంట్లో నాన్నదో తాతదో కాన్పూరుది ఇప్పటికే ఉందా? లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, వారసుడి పేరుకి మార్చమని అడిగే వీలు 2016 నిబంధనల్లో ఉంది. మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని అఫిడవిట్ రాయించుకోవాలి. అక్కచెల్లెళ్ల సంతకాలతో సహా. మా ఇంట్లో ఒక్క సంతకం కోసం నాలుగు నెలలు పట్టింది, తుపాకీ మీద ప్రేమ కాదు, పాత పొలం తగాదా ఇక్కడ బయటపడింది. అయినా లక్షన్నర పెట్టి కొత్తది కొనేకంటే ఇది నయం.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఏం చూడాలో. కొత్త కంపెనీదైనా కాన్పూరుదైనా ఇదే పరీక్ష, పేరు చూసి డబ్బు తీయకండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో డబ్బా తెరిచి "ఫ్యాక్టరీ సీలు సార్, చూసేదేముంది" అన్నాడు. నేను బుర్ర ఊపేసి వచ్చాను. ఇంటికొచ్చాక చూస్తే సిలిండర్ ఊగుతోంది.

ముందు తెరిచి సిలిండర్లో రౌండ్లు పెట్టే ఆరు గదులూ ఖాళీ అని మీ కళ్లతో చూసుకోండి, అమ్మేవాడు చూశానన్నా సరే మీరూ చూడండి. తర్వాత మూసి ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని మెల్లగా కదపండి. విరిచి తెరిచే రివాల్వర్‌కి ప్రాణం పైన ఉండే ఆ గొళ్లెంలోనూ కింద కీలులోనూ ఉంటుంది, అక్కడ లూజు ఉంటే వాడేకొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. పాత సరుకు కొనేవాళ్లు ఈ ఒక్కదాని మీదే పది నిమిషాలు పెట్టండి. తర్వాత అమ్మేవాడిని అడిగి, డమ్మీ (పేలని) రౌండ్లు వేసి హామర్‌ని, అంటే వెనక ఉండే సుత్తి లాంటి ముక్కని, నిదానంగా వెనక్కి లాగండి: హామర్ పూర్తిగా ఆగేలోపే సిలిండర్ టక్కున ఆగి బిగుసుకోవాలి. ఒక గదికి చూసి వదిలేయకండి, ఆరింటికీ చూడాలి, ఎందుకంటే ఐదు సరిగా ఉండి ఒకటి పక్కకి ఆగేవి ఉంటాయి, అలా ఆగితే తూటా బ్యారెల్ అంచుకి గీసుకుంటూ వెళ్తుంది. తెరిచినప్పుడు ఖాళీ కేసుల్ని తోసే నక్షత్రం లాంటి ముక్క పూర్తిగా లేచి మళ్లీ తన చోట కూర్చోవాలి. బ్యారెల్ లోపల టార్చి వేసి తుప్పు మచ్చలు చూడండి.

చివరికి ట్రిగ్గర్. హామర్ లాగకుండా, ఒట్టి ట్రిగ్గర్‌తో ఇరవై సార్లు నొక్కండి. పదోసారికే వేలు వణికితే అది మీకు సరిపడదు, ఎంత మంచి కంపెనీ అయినా. కాన్పూర్ పాత మోడళ్లు ఇక్కడే ఓడిపోయాయని నేననుకుంటాను. సన్నగా, తేలిగ్గా ఉన్నదల్లా మంచిదనీ అనుకోకండి. తేలికదాన్ని మోయడం సుఖం గానీ కాల్చినప్పుడు చెయ్యి ఎక్కువ ఎగురుతుంది.

రౌండ్ల సంగతి చాలామంది ఇంటికొచ్చాక ఆలోచిస్తారు. .32 అన్న పేరు రెండింటికీ ఉంది, రివాల్వర్‌కి వేసేది అంచున్న పొడవు రౌండు, పిస్టల్‌కి వేసేది పొట్టిది, ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. దుకాణంలో "థర్టీ టూ ఇవ్వు" అని ఊరుకోకుండా రివాల్వర్‌కా పిస్టల్‌కా చెప్పండి. ఏడాదికి ఎన్ని, ఒకేసారి ఎన్ని అన్నది లైసెన్సులోనే ఉంటుంది. కొత్త కంపెనీ వాడిని నేను అడిగే మొదటి ప్రశ్న ధర కాదు, "స్ప్రింగు విరిగితే ఎక్కడికి పంపాలి, ఎన్నాళ్లకి వస్తుంది, పంపడానికి కాగితం ఎవరిస్తారు" అని. బాగుచేయించడానికి లక్నో వైపు పంపాలంటే మనకి రాష్ట్రాలు దాటి వెళ్లే దారి. కాన్పూరుదీ దూరమే గానీ అది తెలిసిన మెకానిక్‌లు పాత డీలర్ల దగ్గర ఇంకా ఉన్నారు. మార్కెట్లో వెనకబడిన సరుక్కి ఉండే లాభం ఇదే. ఒకవేళ డీలర్ దగ్గర సరైన జవాబు ఉంటే మాత్రం కొత్తదాని వైపే వెళ్లండి, నాకు కాన్పూర్ మీద ప్రత్యేక ప్రేమేం లేదు.

మోసేటప్పుడు: బయట తిరిగితే హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. స్కూటర్ డిక్కీలో కాదు, లుంగీ ముడిలో అసలే కాదు. పాత రివాల్వర్ అయితే హామర్ కింద గది ఖాళీ ఉంచి ఐదే వేయండి, కింద పడితే పేలే ప్రమాదం అక్కడే. మన ఎండాకాలం చెమట, ఆ తర్వాత నాలుగు నెలల వాన, ఇనుముకి రెండూ శత్రువులే. ఇంటికొచ్చాక తోలు హోల్‌స్టర్‌లోనే వదిలేయకండి, తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది, వారంలో ఎర్ర మచ్చ కనిపిస్తుంది. తుడిచి, పల్చగా నూనె రాసి, తాళం వేసి, రౌండ్లు వేరేచోట. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఉంటే ఇప్పుడే మానేయండి, 2019 నుంచి దానికి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఎన్నికలప్పుడు మనకి ఒక చిక్కు ఎక్కువ. 2024 మే 13న మన కోరాపుట్, బరంపురం సీట్లకీ ఆంధ్రాకీ ఒకే రోజు పోలింగ్, అప్పుడు రెండు వైపులా తనిఖీలే. అప్పగించమని నోటీసు వస్తే థానాలో ఇచ్చి రసీదు తీసుకోండి, రసీదు మీద ఆయుధం నంబర్, రౌండ్ల లెక్క, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. తిరిగి తెచ్చుకున్నాక పైన చెప్పిన పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి, గోదాములో నెలలు పడున్నది కదా.

గుణుపురం అన్నయ్య లైసెన్సు తీసి చూశాడు, ఒడిశా వరకే ఉంది. వాడి వారానికి రెండు ప్రయాణాలు పాతపట్నం మీదుగానే. ఇప్పుడు జీఎస్టీ కాగితాలు పట్టుకుని కలెక్టరేట్ చుట్టూ తిరుగుతున్నాడు, రివాల్వర్ ఇంకా కొనలేదు.